చెరువులో చేపలెన్ని? ఒక్క వలతో లెక్క తేల్చొద్దు

తెలంగాణలో చెరువులకు ఉచిత చేప పిల్లల పంపిణీ 2016లో మొదలైంది. వదిలిన పిల్లల్లో ఎన్ని బతికాయన్నది మత్స్య సహకార సంఘాల్లో ఇప్పటికీ తెగని ప్రశ్నే. ఒకసారి వల వేసి, నాలుగు చేపలు పడితే 'పిల్లలు చచ్చిపోయాయి' అనుకుంటారు. ఆ అంచనాతోనే చెరువును దళారికి తక్కువ ధరకు అప్పగిస్తే నష్టపోయేది సభ్యులే. వలలో పడే చేపల సంఖ్య చెరువులోని చేపలతో పాటు వల, చోటు, వేళ మీద కూడా ఆధారపడుతుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

• వల కన్ను: పెద్ద కన్ను వలలోంచి చిన్న చేపలు జారిపోతాయి. అప్పుడు సంఖ్య తక్కువగా, సగటు బరువు ఎక్కువగా కనిపిస్తుంది.

• చేప స్వభావం: బొచ్చె పైనీటిలో, రోహు నడిమి నీటిలో, మోసు, బంగారు తీగ అడుగున తిరుగుతాయి. లాగుడు వల వేస్తే రోహు పైనుంచి దూకేస్తుంది, అడుగు చేపలు వల కిందుగా తప్పించుకుంటాయి.

• చోటు: నాచు, మొద్దులు, రాళ్లు ఉన్నచోట వల అడుగును తాకదు. గట్టు పక్కన మాత్రమే వేస్తే లోతులో ఉన్నవి లెక్కకు రావు.

• వేళ, నీరు: గిల్ నెట్‌లో తిరిగే చేపే చిక్కుతుంది. చలికి కదలిక తగ్గితే తక్కువ పడతాయి. వేసవిలో నీరు తగ్గి చేపలు ఒకచోట చేరితే, సంఖ్య పెరగకపోయినా వల నిండుతుంది.

ఏం చేయాలి?

1. ప్రతిసారీ అదే వల, అదే వేళ, అన్నే సార్లు వేయండి. లోతు, గట్టు, మధ్య భాగం అన్నీ కలిసేలా చోట్లు ఎంచుకోండి.

2. రెండు మూడు కన్నుల వలలు వాడి, రకం వారీగా సంఖ్య, బరువు రాసుకోండి.

3. సంఖ్య తెలియాలంటే గుర్తు పద్ధతి పాటించండి. ఉదాహరణకు 200 రోహులకు తోక రెక్క కొస కొద్దిగా కత్తిరించి వదిలారనుకుందాం. వారం తర్వాత 150 రోహులు పడగా, గుర్తున్నవి 10 ఉంటే అంచనా: 200 × 150 ÷ 10 = 3,000. ఈలోగా చేపలు పట్టకూడదు, అలుగు పారకూడదు. గుర్తు వేసిన చేపలు చనిపోతే అంచనా అసలు కంటే ఎక్కువ వస్తుంది.

బేరానికి కూర్చునే ముందు ఈ లెక్కల పుస్తకం సంఘం సభ్యులందరి ముందు ఉంచండి.