‘గ్యాప్’ ఉంటే పనికిరాని వాళ్లమేనా?

ఇంటర్వ్యూలో చాలామందిని వణికించే ప్రశ్న ఒకటుంది: ‘ఈ రెండేళ్లు ఏం చేశారు?’ పోటీ పరీక్షల ప్రిపరేషన్, ఇంట్లో అనారోగ్యం, కాన్పు.. కారణం ఏదైనా సరే, రెజ్యుమెలో ఖాళీ కనిపిస్తే అనుమానంగా చూడటం మనకు అలవాటైపోయింది. ఆ చూపు ఎంత తప్పో చెప్పడానికి చెక్ ఫుట్‌బాలర్ టోమాష్ రోసిట్స్కీ కెరీర్ చాలు.

1980లో ప్రాగ్‌లో పుట్టాడు. ఇరవై ఏళ్లకే స్పార్టా ప్రాగ్ నుంచి జర్మనీలోని బొరుస్సియా డోర్ట్‌మండ్‌కు వెళ్లాడు. 2002లో ఆ జట్టు బుండెస్‌లీగా గెలిచింది. మిడ్‌ఫీల్డ్‌లో అతని పాస్‌లు చూసి ‘లిటిల్ మొజార్ట్’ అని పేరు పెట్టారు. 2006 ప్రపంచకప్‌లో అమెరికాపై రెండు గోల్స్ కొట్టాడు. అదే ఏడాది లండన్‌లోని ఆర్సెనల్‌లో చేరి, 7వ నంబర్ జెర్సీ వేసుకున్నాడు. ఇక తిరుగులేదు అనుకున్నారంతా.

2008 జనవరిలో గాయమైంది. మొదట కొద్ది వారాలే అనుకున్నారు. తిరిగి మైదానంలోకి వచ్చేసరికి 2009 సెప్టెంబర్ అయింది. అంటే దాదాపు 20 నెలల గ్యాప్! వచ్చిన రోజే మాంచెస్టర్ సిటీపై గోల్ కొట్టాడు. 2010లో క్లబ్ కొత్త కాంట్రాక్టు ఇచ్చింది. 2014లో టోటెన్‌హామ్‌పై రెండు నిమిషాలైనా కాకముందే అతను కొట్టిన గోల్‌తోనే ఆర్సెనల్ 1-0తో గెలిచింది. చెక్ జట్టుకు కెప్టెన్‌గా చేశాడు, మొత్తం 105 మ్యాచ్‌లు ఆడాడు.

కథ ఇక్కడితో ఆపేస్తే ‘కష్టపడితే గెలుపే’ అని నీతి చెప్పేయొచ్చు. కానీ నిజం అంత తీయగా లేదు. గాయాలు మళ్లీ మళ్లీ వచ్చాయి. ఆర్సెనల్‌లో చివరి సీజన్‌లో ఆడింది ఒకే ఒక్క మ్యాచ్, అందులోనూ గాయమే. సొంత క్లబ్ స్పార్టాకు తిరిగెళ్లినా శరీరం సహకరించలేదు. 2017 డిసెంబర్‌లో ఆట మానేశాడు. ‘ఇంత ప్రతిభ వృథా అయిపోయిందే’ అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు.

వృథా అనే మాటతోనే నాకు పేచీ. ఏడాది తిరిగేసరికి, 2018 డిసెంబర్‌లో అదే స్పార్టాకు స్పోర్టింగ్ డైరెక్టర్ అయ్యాడు. ఎవరిని కొనాలి, ఏ కోచ్‌ను తేవాలి అని చూసే పని అది. 2014 తర్వాత లీగ్ టైటిల్ ఎరుగని స్పార్టా 2023లో, మళ్లీ 2024లో చాంపియన్ అయింది. కాళ్లు మొరాయించినా ఆట తెలిసిన బుర్ర పనికొచ్చింది.

నిజమే, అతనికి కాంట్రాక్టు ఉంది, వైద్యులున్నారు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకునే కుర్రాడికి ఆ భరోసా ఎక్కడిది? అందుకే ‘నువ్వూ అలాగే ఉండు’ అని ఉపదేశించడం అన్యాయం. అడగాల్సింది ముందుగా ఉద్యోగమిచ్చేవాళ్లనే. ఆర్సెనల్ 20 నెలల ఖాళీని చూసి కాదు, ఆటగాడిని చూసి కాంట్రాక్టు ఇచ్చింది. మీరూ గ్యాప్‌ను కాక మనిషిని చూడండి. ఒక చిన్న టాస్క్ ఇస్తే తెలిసిపోతుంది కదా!

ఇక అభ్యర్థులకు ఒక్క మాట. గ్యాప్‌ను దాచొద్దు, దానికి కట్టుకథలు అల్లొద్దు. కారణం ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ తర్వాత ఇప్పుడు ఏం చేయగలరో చూపించండి. మీరు అనుకున్న పోస్టు రాకపోవచ్చు. ఆ చదువు, ఆ సబ్జెక్టు మీద పట్టు మాత్రం ఎక్కడికీ పోవు. అవి ఇంకో పనిలో, ఇంకో కుర్చీలో అక్కరకొస్తాయి.