వెనుక వాకిలి

ఆదివారం మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ఈ ఏడాది మొదటి మ్యాచి. మొన్న సాయంత్రం మైదానంలో అందరిదీ ఒకే మాట: కుడి బ్యాక్ కుర్రవాణ్ణి తీసేయాలి. నిరుడు పడ్డ గోల్సన్నీ అతని వైపు నుంచే వచ్చాయట!

తెలుగు పాఠం చెప్పుకొనేవాణ్ణి, ఆటలో పండితుణ్ణి కాను. అయినా గట్టు మీద గంటసేపు కూర్చుంటే నాకు కనిపించింది వేరు. మా మధ్య బ్యాక్ బంతి వెంట తానూ ముందుకు పోతాడు. ఆ ఖాళీ పూడ్చడానికి కుడివాడు లోపలికి పరుగెత్తుతాడు. అతని చోట ఎద్దుబండి పట్టేంత సందు. ఇల్లు కురిస్తే కప్పు చూడాలి గాని, తడిసినవాణ్ణి తిట్టి లాభమేమిటి?

1925లో ఇంగ్లండులో ఆఫ్‌సైడ్ నిబంధన సడలింది. ఫార్వర్డుకూ గోలు గీతకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులకు బదులు ఇద్దరుంటే చాలన్నారు. ఆ సీజన్ మొదటి రోజునే ఆస్టన్ విల్లా బర్న్‌లీని 10–0తో చిత్తు చేసింది. అక్టోబరులో న్యూకాసిల్ చేతిలో ఆర్సెనల్ 7–0తో ఓడింది. అప్పుడు ఆర్సెనల్ సెంటర్ హాఫ్‌ను వెనక్కి పిలిచి ఇద్దరు బ్యాకుల మధ్య నిలిపింది. 1931లో లీగు గెలిచింది.

ఇదే మా కోచ్‌తో చెప్పాను. కుర్రవాడు ఉన్నాడు, మధ్యవాడు కదలకూడదని ఆజ్ఞ. ఓడితే మాత్రం ఈసారి తిట్లు నాకు.