మచ్చ తగ్గకపోతే.. ముక్క పరీక్ష

వాడరేవులో వేటకు వెళ్లేవారైనా, చీరాలలో మగ్గం నేసేవారైనా దగ్గు తగ్గక ఎక్స్‌రే తీయించుకుంటే, అందులో మచ్చ కనిపిస్తే ఇంటిల్లిపాదీ అనే మాట ఒకటే.. 'టీబీయే అయ్యుంటుంది'. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి ఆ అనుమానం సబబే. ముందుగా తెమడ పరీక్ష చేయించాలి. కానీ ప్రతి మచ్చా టీబీ కాదు. నెమ్ము, ఫంగస్, క్యాన్సర్.. ఎక్స్‌రేలో ఒక్కోసారి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. తేల్చుకోకుండా నెలల తరబడి టీబీ మందులు మింగితే అసలు జబ్బు లోపల ముదిరిపోతుంది.

నెమ్ము తాలూకు మచ్చ సాధారణంగా 6 నుంచి 8 వారాల్లో పోతుంది. పెద్ద వయసువారిలో ఇంకాస్త ఆలస్యం కావచ్చు. అప్పటికీ పోకపోతే సీటీ స్కాన్ తీస్తారు. దాంతోనూ తేలకపోతే బయాప్సీ, అంటే ముక్క పరీక్ష.

మచ్చ శ్వాసనాళాలకు దగ్గరగా ఉంటే ముక్కు లేదా నోటి ద్వారా సన్నని గొట్టం పంపి (బ్రాంకోస్కోపీ) చిన్న ముక్క తీస్తారు. ఛాతీ గోడకు దగ్గరగా ఉంటే స్కాన్‌లో చూస్తూ సూదితో తీస్తారు. ఈ రెంటితోనూ తేలనప్పుడే చిన్న కోతలతో ఆపరేషన్. టీబీ అనుమానం కూడా ఉంటే కొంత ముక్కను ఫార్మలిన్‌లో వేయకుండా కల్చర్‌కు పంపాలి. ఫార్మలిన్‌లో క్రిములు చచ్చిపోతాయి.

'ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది' అన్న భయంతో చాలామంది వెనకాడతారు. అలా జరగడం చాలా అరుదు. అయితే కొద్దిగా రక్తం పడటం, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం వంటి ఇబ్బందులు రావచ్చు. అందుకే పరీక్ష తర్వాత కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచుతారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

అందరికీ ముక్క తీయనక్కర్లేదు. చీమకుర్తి గ్రానైట్, మార్కాపురం పలకల పనిలో ఏళ్ల తరబడి రాతిపొడి పీల్చినవారికి వచ్చే సిలికోసిస్‌ను చాలావరకు పని వివరాలు, ఎక్స్‌రేలతోనే గుర్తిస్తారు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బులున్న 1,084 మందిపై మన దేశంలో జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. వారిలో 47 శాతం మందికి పీల్చే గాలిలోని బూజు, పక్షుల రెట్ట వంటివి పడకపోవడమే కారణమని తేలింది. వారిలో దాదాపు సగం మంది ఎయిర్ కూలర్ల గాలికి అలవాటుపడ్డవారే.

అందుకే డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలన్నీ తీసుకెళ్లాలి. చేసే పని, ఇంట్లోని కూలర్, పెంచే పావురాలు, చుట్ట, బీడీ.. ఏదీ దాచకుండా చెప్పాలి. అప్పుడే ముక్క అవసరమో కాదో తేలుతుంది.