పెళ్లికి ఊరంతా సాక్షే, కాగితం మాత్రం లేదు

మా చిన్నమ్మ పెళ్లి ఏ తారీఖున అయిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. "జూరాల డ్యాం కట్టకముందు" అంటుంది మా అమ్మ. "మాఘమాసం, బేస్తవారం. కురుమూర్తి జాతరకు పోయొచ్చిన మూన్నెల్లకు" అంటుంది చిన్నమ్మ. మా ఆత్మకూరు వైపు పెద్దవాళ్లను ఎవరిని అడిగినా పెళ్లి లెక్క ఇట్లాగే చెప్తారు. వానలు, జాతరలు, కాన్పులే వాళ్ల క్యాలెండర్.

ఇన్నేళ్లూ ఆ తారీఖుతో ఎవరికీ పనిపడలేదు. మూడేళ్ల కింద చిన్నాయన పోయాక పడింది. ఆయన పనిచేసిన చోటు నుంచి చిన్నమ్మకు కొంత డబ్బు, నెలనెలా కొంచెం పెన్షన్ రావాలి. కాగితాలు పట్టుకొని వెళ్తే, చిన్నాయన రాసిచ్చిన ఫారంలో భార్య పేరు ఒకటి, చిన్నమ్మ ఆధార్‌లో పేరు ఇంకొకటి. పెళ్లిలో అత్తగారు పేరు మార్చారు. మన దగ్గర చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. అత్తగారింట్లో ఒక పేరు, పుట్టింట్లో ఒక పేరు. ఆధార్ కార్డు తీసేనాడు చిన్నమ్మ మా అమ్మ దగ్గరే ఉంది, పుట్టింటి పేరు చెప్పింది.

"ఈ పేరున్నామె, ఆ పేరున్నామె ఒక్కరే అనడానికి రుజువేముంది? పెళ్లి సర్టిఫికెట్ ఉందా?" అని అడిగారు. అడిగినాయన చెడ్డవాడు కాదు. ఆయన రూలు ఆయనది. కానీ నలభై ఏళ్లకు పైగా కాపురం చేసి, నలుగురు పిల్లలను పెంచి, చివరి రెండేళ్లు మంచంలో ఉన్న మనిషికి అన్నం తినిపించిన ఆడమనిషి, డెబ్బై ఏళ్లు దగ్గరపడుతుండగా "నేనే ఆయన పెళ్లాన్ని" అని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చొని ఆమె ఒకటే మాట అన్నది: "ఊరంతా చూసిన పెండ్లి బిడ్డా. ఎవలు రాసిపెట్టకపోతిరి."

చివరికి మమ్మల్ని ఒడ్డున పడేసింది ఒక పాత నోటుబుక్కు. మా అమ్మమ్మ ట్రంకు పెట్టెలో దొరికింది. చిన్నమ్మ పెళ్లికి వచ్చిన కట్నాలు రాసుకున్న పుస్తకం. నాలుగు మూలలా పసుపు, పైన శ్రీరామ, కింద తారీఖు. ఫలానా ఊరు, ఫలానా ఆయన, పదకొండు రూపాయలు. ఇంకొకాయన ఐదు రూపాయలు, ఇత్తడి చెంబు. ఆ పుస్తకం ఆఫీసులో చెల్లలేదు. కానీ పెళ్లికి ఎవరెవరు వచ్చారో అందులో ఉంది కదా! ఆ పేర్లలో బతికున్న వాళ్లెవరని వెతికితే ఇద్దరు పెద్దమనుషులు దొరికారు. వాళ్లు నోటరీ దగ్గరికి వచ్చి, ఆ పెళ్లి మేం చూశాం, రెండు పేర్లూ ఈమెవే అని రాసిచ్చారు. ఇంకా వేరే కాగితాలూ కలిపి పనయ్యేసరికి పద్నాలుగు నెలలు పట్టింది.

ఈ గోలంతా ఫోన్లో మా పెద్దమ్మాయికి చెప్పాను. తను ఇంగ్లండులో ఉంటుంది. "అమ్మా, ఇక్కడ చిన్న చిన్న పల్లెటూరి చర్చిల పెళ్లి పుస్తకాలు కూడా వందల ఏళ్లవి దాచారు" అన్నది. అప్పటినుంచి ఆ సంగతి కాస్త చదివాను. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్, ప్రతి చర్చిలో పెళ్లిళ్లు, బాప్టిజంలు, అంత్యక్రియలు ఒక పుస్తకంలో రాయాలని ఉత్తర్వు ఇచ్చాడట. ఆ పుస్తకం పెట్టడానికి రెండు తాళాల పెట్టె. ఒక తాళంచెవి ఫాదర్ దగ్గర, ఇంకొకటి ఊరి తరఫున చర్చి చూసుకునే పెద్దల దగ్గర. ఏ ఒక్కరూ సొంతంగా తెరిచి మార్చకుండా!

1754 నుంచి ఇంకా గట్టి చట్టం వచ్చింది. లైసెన్సు తీసుకోని వాళ్లయితే మూడు ఆదివారాలు చర్చిలో పేర్లు చదవాలి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పాలి. పెళ్లయ్యాక వరుడు, వధువు, ఇద్దరు సాక్షులు పుస్తకంలో సంతకం పెట్టాలి. చదువురాని కూలీలు, పనిమనుషులు ఇంటూ గుర్తు పెట్టేవారు. రెండున్నర శతాబ్దాల కిందటి పాలేరు భార్య పెట్టిన ఇంటూ గుర్తు ఈ రోజుకూ ఉంది. మన దగ్గర పాతికేళ్ల కింద పెళ్లయిన దానికి వేలిముద్ర కూడా లేదు.

వాళ్లను మెచ్చుకుంటూ చదువుతుంటే ఒకచోట ఆగిపోయాను. 1837 నుంచి అక్కడ రిజిస్టర్లలో వధూవరుల తండ్రుల పేర్లు, తండ్రుల వృత్తులు రాసేవారు. తల్లి పేరుకు గడే లేదు! ఆ గడి వచ్చింది 2021 మే 4న. అంటే నిన్నగాక మొన్న. కన్నతల్లి పక్కనే నిలబడి చూస్తున్నా, నూటా ఎనభై ఏళ్లకు పైగా ఆమె పేరు ఆ కాగితంలో లేదు.

వెంటనే వెళ్లి మా నోటుబుక్కు మళ్లీ తీశాను. మేమేం తక్కువ తినలేదు. నూటాముప్పై పేర్లున్నాయి, అన్నీ మగవాళ్లవే. ఒడిబియ్యం పోసిన ఆడవాళ్లు, రెండు రోజులు పొయ్యి దగ్గర నిలబడ్డ వాళ్లు ఒక్కరూ లేరు. అసలు పెళ్లికూతురి పేరే లేదు! "రెండో బిడ్డ పెండ్లి" అని ఉంది, అంతే. అందులో చిన్నమ్మ పుట్టింటి పేరు రాసి, పక్కన మారిన పేరు రాసి ఉంటే ఎంత బాగుండేది.

మా వీధినే చూడండి. పక్కింటి ముస్లిం అక్కకు నిఖానామా ఉంది, అందులో మెహర్ ఎంతో రాసి ఉంది. ఎదురింటి క్రైస్తవ వదిన పెళ్లి చర్చి రిజిస్టర్‌లో ఎక్కింది. 1872 నాటి చట్టం ప్రకారం వధూవరులు, పెళ్లి చేసిన పాస్టరు, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. ఐదువందల మందికి భోజనాలు పెట్టి, బ్యాండు మేళంతో ఊరేగిన మా ఇంట్లోనే కాగితం లేదు. లగ్నపత్రిక ఉంటుంది కదా అంటారు. అది ముహూర్తం పెట్టుకున్నట్టు చెప్తుంది, పెళ్లి జరిగినట్టు చెప్పదు.

చట్టం లేక కాదు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది, అందులోనే రిజిస్ట్రేషన్ మాట ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే పెళ్లి రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అన్ని మతాల పెళ్లిళ్లూ రిజిస్టర్ చేయాలని చెప్పింది. రిజిస్టర్ చేయనంత మాత్రాన హిందూ పెళ్లి చెల్లకుండా పోదు, నిజమే. కానీ చెల్లే పెళ్లిని చూపించడానికి కాగితం కావాలి. భర్త ఉన్నన్నాళ్లూ ఎవరూ అడగరు. ఆయన పోయినప్పుడో, కాదని వదిలేసినప్పుడో, ఇంకో పెళ్లి చేసుకున్నప్పుడో అడుగుతారు. అప్పుడు వెతుక్కునేది ఎప్పుడూ ఆడమనిషే.

ఈ మాట అంటే మా అత్తమ్మ, "రిజిస్టర్ పెండ్లి లేచిపోయినోళ్లు చేసుకుంటరు గదా, మనకెందుకమ్మా?" అన్నారు. చాలామంది ఇదే అనుకుంటారు. రిజిస్టర్ పెళ్లి వేరు, చేసిన పెళ్లిని రిజిస్టర్ చేయించుకోవడం వేరు. భూమి కొంటే రిజిస్ట్రేషన్ అయ్యేదాకా నిద్రపట్టని మనం, పిల్లను ఇచ్చేటప్పుడు మాత్రం నమ్మకం అంటాం. "రెండు గుంటల జాగకు ఉన్న కాగితం మీ మనవరాలికి వద్దా అత్తమ్మా?" అని అడిగాను. ఆమె కాసేపు ఊరుకొని, "అయితే నీది చేయించుకున్నవా మరి?" అన్నారు.

లేదు! ఇరవై ఏడేళ్ల కాపురం, నాకే లేదు. ఆయనకు చెప్తే, "ఇప్పుడు నా మీద అనుమానమా?" అని నవ్వారు. అనుమానం కాదండీ, ఇది కూడా ఇంటిపనే అన్నాను. పెళ్లి ఫోటో, శుభలేఖ, ఆధార్, వయసు కాగితాలు తీసుకొని, సాక్షులను వెంటబెట్టుకొని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాం. మా సాక్షుల్లో ఒకరు మా వదిన. సంతకం పెట్టేటప్పుడు ఆమె చేయి వణికింది. "ఇన్ని పెండ్లిళ్లకు వంట చేసిన, సంతకం ఇదే మొదటిసారి" అన్నది.

అందుకే నా మాట ఇది. మీ ఇంట్లో పెళ్లి ఉంటే, ఫంక్షన్ హాలు, ఫోటోగ్రాఫర్, వంటవాళ్లు అని రాసుకునే లిస్టులోనే రిజిస్ట్రేషన్ కూడా రాయండి. పెళ్లయిన నెలలోపు చేయించండి. అమ్మాయి పేరు మార్చొద్దు. మార్చక తప్పదంటే రెండు పేర్లూ కలిపి ఎక్కడైనా రాయించి పెట్టండి. కల్యాణలక్ష్మి చెక్కే పెళ్లికూతురి తల్లి పేరు మీద వస్తున్నప్పుడు, శుభలేఖలో తల్లి పేరు తండ్రి పేరుతో సమానంగా ఉంటే తప్పేముంది? ఇక కట్నాల పుస్తకం రాసేటప్పుడు, మొదటి పేజీలో తారీఖు, వధూవరుల పూర్తి పేర్లు, ఇద్దరి తల్లుల పేర్లు, వాళ్ల పుట్టింటి ఇంటిపేర్లు రాయండి. ఐదు నిమిషాల పని.

మా చిన్నదాని పెళ్లికి ఆ పుస్తకం నేనే రాస్తానని ఇంట్లో చెప్పేశాను. చిన్నమ్మ తన రెండు పేర్లూ అందులో రాయమన్నది.