కాగితం మీద పది లక్షలు

మొన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, స్టార్టప్‌లో జాబ్ వచ్చింది. జీతం కొంచెం తక్కువ, కానీ 10 లక్షల ఈసాప్స్ ఇస్తారంట. ఒప్పుకోనా?"

"ఆ 10 లక్షల లెక్క ఎవరు కట్టారు?" అని అడిగా.

"కంపెనీ వాళ్లే."

అప్పుడు వాడికి రెండు కథలు చెప్పా.

మొదటిది టాటా మోటార్స్. 2008లో డీవీఆర్ షేర్లు తెచ్చింది. అదే కంపెనీ, అవే లాభాలు, పైగా డివిడెండ్ కాస్త ఎక్కువ. కానీ 10 షేర్లుంటేనే ఒక ఓటు. చేతులు మారేదీ తక్కువే. అందుకే ఏళ్ల తరబడి మామూలు షేరు కంటే బాగా చవగ్గా ఉండేది. 2024లో వాటిని రద్దు చేసినప్పుడు కూడా 10 డీవీఆర్‌లకు 7 మామూలు షేర్లే వచ్చాయి.

రెండోది ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్. దాని దగ్గర ఏషియన్ పెయింట్స్ షేర్లు బోలెడు. అయినా బీఎస్ఈలో రేటు 3.53 రూపాయల దగ్గరే ఆగిపోయింది. ఆ రేటుకి ఎవరు అమ్ముతారు? 2024 అక్టోబర్ 29న ప్రత్యేక వేలం పెడితే ఒక్కరోజులో 2,36,250 రూపాయలైంది! ఆస్తి ముందునుంచీ ఉంది. కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ కలిశాకే అసలు రేటు బయటపడింది.

"నీది దీనికి రివర్స్ రా. రేటు ఉంది, కొనేవాడే కనబడట్లేదు. ఓటు ఉంటుందా? ఎప్పుడు, ఎవరికి అమ్ముకోవచ్చు? మానేస్తే ఏమవుతాయి? ఈ మూడూ రాతపూర్వకంగా అడుగు."

షేర్ల విలువ ఎప్పుడో తేలుతుంది. జీతంలో కోత మాత్రం మొదటి నెల నుంచే.