గృహస్థు చిట్టా: టైరు మీది నాలుగంకెలు

పెరంబూరునుంచి ఒక చందాదారు వ్రాసినారు: "కారుకు టైర్లు మార్చవలసి వచ్చినది. చౌకవి వేయించేదా, ఖరీదైనవా? మీ చిట్టాలో నాలుగు ముక్కలు వ్రాయండి." తగినవారినే అడిగినారు. ఈ పరీక్షలో మేము ఒకసారి తప్పి, 2025 కార్తికములో మళ్లీ కూర్చున్నవారము.

మాది 2014 నాటి స్విఫ్టు, సెకండుహేండులో కొన్నది. 2022లో టైర్లు అరిగినవి. తెలిసిన కంపెనీవి జోడుకు 7,800 అన్నారు. అంగడివాడు లోపలినుంచి మరొక రకము తెచ్చి, ఇవి విదేశపు సరుకు, జోడు 5,800కే ఇస్తానన్నాడు. నాలుగింటిమీద 4,000 రూపాయలు మిగులు. అది అమ్మాయి కాలేజీ ఫీజుకు అక్కరకు వచ్చినది. ఇంట్లో ఆవిడ కూడ మా తెలివిని మెచ్చుకొన్నది. అది తరచుగా జరిగే సంగతి కాదు గనుక చెప్పుచున్నాము.

మూడేండ్లు ఏ చిక్కూ లేదు. 2025 కార్తికములో తిరుమల వెళ్లినాము. దర్శనమై దిగునప్పుడు వాన పట్టుకొన్నది. దిగే దారి 1944లో వేసిన పాత ఘాటు, అడుగడుగునా మలుపులు. బండి తోలుతున్నది మా వాడు. వేగము ముప్ఫయి దాటలేదు. ఒక మలుపు తిరిగేసరికి ముందు బస్సు ఆగి ఉన్నది. వాడు బ్రేకు తొక్కినాడు. చక్రాలు నిలిచిపోయినవి గాని బండి నిలువలేదు, సబ్బుబిళ్లవలె జారుకొంటూ పోయినది. మా పాత బండికి ఏబీయస్ లేదు. 2019 ఏప్రిలు తర్వాత తయారైన కార్లకే అది తప్పనిసరి అయినది. బస్సుకు మూరెడు దూరములో ఆగినాము. వెనుక సీటులో అమ్మ "గోవిందా" అన్నది. తరువాత అలిపిరి చేరేదాక నోరు విప్పలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండుట మేమెరుగము.

మరునాడు మా వీధి పంక్చరు అంగడికి పోయినాము. గాడులు చూస్తే సగము పైనే మిగిలి ఉన్నవి. మరి జారుటెందుకు? అంగడి పెద్దాయన గోటితో రబ్బరు నొక్కి, "కల్లాయిడుచ్చు సార్" అన్నాడు. రాయి అయిపోయినదట. టైరు పక్కన ఉన్న అక్షరాల వరుస చివర కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలు చూపించినాడు: 1419. అనగా 2019వ సంవత్సరము 14వ వారములో తయారైనదని అర్థము. 2020 జూనులో కేంద్ర ప్రభుత్వము కొత్త టైర్ల దిగుమతిని కట్టడి చేసినది. అంతకు ముందే వచ్చి గోదాములో మూలిగిన సరుకు కాబోలు, మాకు కొత్తదిగా అంటగట్టినారు. కొన్ననాటికే మూడేండ్ల ముసలిది! తిరిగింది పద్దెనిమిది వేల కిలోమీటర్లే గాని, వయసు ఆరు దాటినది.

ఇక కొత్త టైర్ల బేరము. మూడు రకాలు పెట్టినారు: 3,000, 4,200, 6,000. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్లమీద జీయస్టీ 28 శాతమునుంచి 18కి దిగినది గనుక ఆ మేరకు మేలే. మా వాడు, "నాన్నా, ఈసారి మంచివే వేద్దాము" అని ఆరువేలదానిపై చేయి వేసినాడు. అంగడివాడు అది అరవైవేల కిలోమీటర్లు వచ్చునని పొగడినాడు. మేము చీటీ వెనుక లెక్క వేసినాము. మా బండి ఏటికి ఆరువేలే తిరుగును. అరవైవేలకు పదేండ్లు కావలెను. అంతకాలము రబ్బరు ఆగునా? అయిదేండ్లు దాటిన టైరును ఏటేటా పరీక్ష చేయించవలెననీ, పదేండ్లయితే గాడి ఉన్నా తీసివేయవలెననీ టైర్లు చేసే కంపెనీలవారే కొందరు చెప్పుచున్నారు. వాడుకొనని మన్నికకు ముందే డబ్బు కట్టుట మాకు నచ్చలేదు. రోజూ శ్రీపెరుంబుదూరు పోయి వచ్చేవారికైతే అది లాభమే. తడిరోడ్డుమీద ఖరీదైన టైరు సాధారణముగా తొందరగా పట్టుకొనునన్న మాటనూ మేము కాదనము.

చివరకు 4,200వి తీసుకొన్నాము. నాలుగూ 16,800. చౌకవాటికన్న 4,800 ఎక్కువ. ఆరేండ్లకు పంచితే నెలకు 67 రూపాయలు. దేశవాళీ సరుకంటే మొగము చిట్లించేవారు మనలో ఇంకా ఉన్నారు. 1946లో మన తిరువొత్తియూరులో పిల్లల ఆటబుడగలు చేసిన చిన్న షెడ్డే ఇప్పటి ఎమ్మారెఫ్ అని వారికి గుర్తు చేయుదుము. బిగించకముందే నాలుగింటి అంకెలు మేమే వంగి చదివినాము: 3325. ఒకటి మాత్రము పాతదిగా ఉంటే మార్పించినాము. అంగడివాడు విసుగుకొన్నాడు, విసుగుకోనీ.

చందాదారుగారు రెండే మార్చదలచినచో కొత్తవి వెనుక చక్రాలకు వేయించవలెను. ముందు వేయుట వాడుక. కాని తడిలో వెనుకభాగము జారితే బండి గిర్రున తిరుగును, తోలేవాని చేతిలో ఉండదు. గాడిలో అడ్డముగా చిన్న దిమ్మెలుండును; రబ్బరు అరిగి వాటితో సమమైతే లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్లు. అంతకు తగ్గితే చట్టమే ఒప్పదు. వానాకాలములో మూడు మిల్లీమీటర్లప్పుడే మార్చుట మేలు. గాలి ఎంత పట్టించవలెనో డ్రైవరు తలుపు దగ్గర చీటీపై ఉండును. పొద్దున బండి తీయకముందు చూపించుకోవలెను.

ఇంటికి వచ్చిన తర్వాత మా వాడు డిక్కీ తెరచి, "నాన్నా, స్టెప్నీ అంకెలు చూచినారా?" అన్నాడు. 0914. బండితో పుట్టినది! దాని సంగతి వచ్చేనెల జీతము రానిచ్చి చూడవలెను.