సైకిల్ వెనక హబ్బు గురించి నా మాట

తాండాల్లో పిల్లల పాత సైకిళ్లు బాగు చేయించడానికి మనం చందా పోగు చేస్తున్నాం కదా. వెనక చక్రానికి సీల్డ్ బేరింగ్ ఉన్న అల్యూమినియం హబ్బు వేయిద్దాం, మళ్లీ మళ్లీ విప్పే పని ఉండదు అని కొందరు అన్నలు రాశారు. నేను ఒప్పుకోను. కోపం చేసుకోవాకండి, ఎందుకో చెప్తా.

మా చెల్లి తొమ్మిదో తరగతిలో మా అత్త కొడుకు పాత సైకిల్ మీద గోరంట్లకు పోయేది. తారు రోడ్డు ఎక్కేదాకా అంతా గుంతల మట్టి బాటే. వచ్చేటప్పుడు క్యారియర్ మీద బియ్యం, ఒక్కోసారి దాణా మూట. ఒకరోజు వెనక యాక్సిల్ విరిగింది. చవకది వేయిస్తే నెలకే వంగింది. మూడు వారాలు బడికి పోలేదు. "ఆడపిల్లకు ఈ చదువు చాల్లే" అనే మాట మా ఇంట్లో పుట్టింది ఆ మూడు వారాల్లోనే. నేను హాస్టల్లో ఉండి ఫోన్లో విన్నా.

ఆ సెలవుల్లో సైకిల్ షాపులో కూర్చుని పని చూశా. కుడి పక్క ఫ్రీవీల్ ఉంటుంది కాబట్టి ఆ పక్క గుండ్లు లోపలికి ఉంటాయి. గుండ్ల నుంచి ఫ్రేము దాకా యాక్సిల్ కు ఆధారం ఉండదు. బరువుకు అక్కడే వంగుతుంది. మామూలు ఇనుప హబ్బులో యాక్సిల్ పోతే యాక్సిల్, కోను పోతే కోను, గుండ్లు పోతే గుండ్లు, దేనికది మార్చుకోవచ్చు. వెనక హబ్బుకు పావు అంగుళం గుండ్లు, పక్కకు తొమ్మిది. ఏ ఊరి షాపులోనైనా దొరుకుతాయి. లోపల కప్పుకే గుంటలు పడితే మాత్రం హబ్బు పోయినట్టే, అది దాచను.

సీల్డ్ బేరింగ్ చెడ్డదని కాదు. 6001 లాంటి నంబరుదైతే మోటార్ల షాపులోనూ దొరుకుతుంది. కానీ దాన్ని ఊడదీసి సరిగ్గా కూర్చోబెట్టడానికి పనిముట్లు కావాలి. సుత్తితో కొడితే కొత్తదీ పాడే. ఇంకో చిక్కు ఉంది. పెద్ద సైకిల్ వెనక రిమ్ముకు 40 కన్నాలు. మీరు చూపించిన హబ్బులకు 32, 36. అంటే రిమ్మూ, స్పోకులూ కొత్తవి కొనాలి. ఆ డబ్బుతో ఇంకో ఇద్దరు పిల్లల చక్రాలు తిరుగుతాయి.

మిగిలిన డబ్బు యాక్సిల్, కోన్ల మీద పెడదాం, అక్కడ మాత్రం చవక చూడొద్దు. కొనేముందు యాక్సిల్ ను అద్దం మీద దొర్లించండి, వంకర ఉంటే ఎగురుతుంది. తాండాకు రెండు పల్చటి కోన్ స్పానర్లు, ఒక గ్రీజు డబ్బా చాలు. వానలు పోయాక ఒకసారి విప్పి కడగాలి. చక్రం పట్టుకుని పక్కలకు ఊపితే టకటకమంటే కోను వదులైనట్టు. అలాగని మరీ బిర్రుగా బిగించినా గుండ్లు అరిగిపోతాయి.

బడికొస్తా పథకంలో వచ్చిన సైకిళ్లు కూడా అక్కల నుంచి చెల్లెళ్లకు వచ్చినవి మన దగ్గర ఉన్నాయి. అన్నిటికీ ఒకే లెక్క ఉండకపోవచ్చు. అందుకే ఆదివారం లోపల మీ తాండాలో ప్రతి సైకిల్ వెనక రిమ్ము కన్నాలు లెక్కపెట్టి ఇక్కడ రాయండి. అంతవరకు ఒక్క హబ్బు కూడా కొనొద్దు.